పందిరిరాయి మీద సూడిమేక

మా ఇంట్లో అత్తాకోడళ్ళ తగువులకి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. పప్పులో ఉప్పు చాలు, ఫ్యాను స్విచ్చి చాలు. కానీ ఒక మేక బొమ్మ కోసం, అదీ మా ఇంట్లోది కాదు, రోలుగుంట అవతల కొండవాలులో ఒక రాతి మీది మేక బొమ్మ కోసం, వారాల తరబడి పోట్లాడుకున్న అత్తాకోడళ్ళు నర్సీపట్నం మొత్తానికి మేమే అయ్యుంటాం. అది వేల ఏళ్ళనాటి మనిషి గీసిందని నేను. కాదు, తాను గీసిందని మా అత్తగారు.

నా ధీమా ఎక్కడిదో ముందు చెప్పాలి. నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఆదిమానవుడి పాఠం చెప్పీ చెప్పీ నా నాలుక అరిగిపోయింది. ఆ పాఠంలో రాతి గుహల బొమ్మలని ఒక ఫొటో ఉంటుంది. పుస్తకాలు మారాయి, సిలబస్ మారింది. ఆ ఫొటో మాత్రం ఎప్పుడు అచ్చేసినా ఆవకాయ ఒలికిన మరకలాగే ఉంటుంది. "అది జింకా టీచర్, కుక్కా?" అని పిల్లలు అడుగుతారు. "జింక. మాట్లాడకుండా రాసుకోండి" అంటాను. జింకో కుక్కో నాకూ తెలీదు. ఒకసారి మధ్యప్రదేశ్ వెళ్ళి భీంబేట్కా గుహల బొమ్మలు చూసొద్దామని మా ఆయన్ని అడిగాను. విద్యుత్ శాఖలో ఆఫీసు ఉద్యోగం ఆయనది. ఇంట్లో ఎంత వేడి పుట్టినా చల్లగా ఉండటం అక్కడే నేర్చుకున్నారు. "రాళ్ళు చూడ్డానికి అంత దూరమా? మన చుట్టూ ఉన్నవన్నీ ఏమిటి?" అన్నారు పేపర్లోంచి తల ఎత్తకుండా. తరవాత జరిగినదాన్ని బట్టి, పందిరిరాయిని కనిపెట్టింది తనేనని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా వైపు ఉగాది ముందురోజు కొత్త అమావాస్య. పల్లెల్లో పెద్ద పండగ. ఇల్లంతా అలికి, గోడలకి ఎర్రమన్ను పూసి, దాని మీద సున్నంతో గీతలు దిద్దుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే జీడితోటల్లో పళ్ళు రాలుతాయి. మా అత్తగారి తమ్ముడికి కొండవాలులో జీడితోట ఉంది. ఆయన నాకు వరసకి బాబాయి. పిక్కలు ఏరడానికి మనుషులు దొరకడం లేదని, ఒక ఆదివారం అక్కగారిని పిలిచారు. అక్కగారికి తోడు నేను. మేము ఏరేది తక్కువ, తోట ఎలా ఏరాలో చెప్పేది ఎక్కువ అని బాబాయిగారికీ తెలుసు. అయినా పిలిచారు.

రాలిన పండుని చేత్తో పట్టుకుని, కింద వేలాడే పిక్కని మెలిపెట్టి తీసి గంపలో వెయ్యాలి. పని అంతే. రెండు గంపలు నిండేసరికి ఎండ పోయి గాలి లేచింది. ఆ వెంటనే పెద్ద చినుకులు. గంపలు నెత్తిన పెట్టుకుని ముగ్గురం పైకి పరిగెత్తాం. అక్కడొక పెద్ద రాయి, ఇంటి చూరులా ముందుకి వాలి ఉంటుంది. కింద పది మంది కూర్చోవచ్చు. మేకల వాళ్ళు, కట్టెల వాళ్ళు దాన్ని పందిరిరాయి అంటారు.

కొంగు పిండుకుంటూ వెనక్కి తిరిగాను. గోడలాంటి రాతి మీద, నా తలకంటే చాలా ఎత్తున, ఎర్రగా ఒక జింకల మంద. వెంట్రుకంత సన్నటి గీతలు. కొమ్మలు కొమ్మలుగా కొమ్ములు. పక్కన విల్లు ఎక్కుపెట్టిన మనిషి. ఇంకొంచెం కిందికి, చెయ్యి అందే ఎత్తులో, మందమైన గీతలతో ఎద్దులు, ఏవో జంతువులు. వాటి మధ్య పెద్ద పొట్టతో ఒక మేకలాంటిది, దాని పొట్టలో తలకిందులుగా బుల్లి పిల్ల. అన్నిటికంటే కింద, నేలకి దగ్గరగా, చేతులు చేతులు పట్టుకున్న మనుషుల వరస.

"ఏటే, అలగ గుడ్లప్పగించి సూస్తన్నావు? పామేటైనా ఉన్నాదేటి?" అన్నారు అత్తగారు.

"అత్తయ్యా, బొమ్మలు! రాతి మీద బొమ్మలు!"

"ఉంటే?"

బాబాయిగారు తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "అవి ఎప్పుట్నించో ఉన్నాయి కదమ్మా. మా సిన్నప్పుట్నించీ సూస్తన్నాం" అన్నారు.

"చూస్తూ ఊరుకున్నారా?"

"మరేటి సెయ్యమంటావు? అన్నం పెట్టమంటావేటి?"

ఇన్నేళ్ళూ పిల్లల చేత కళ్ళు మూసుకుని రాయించిన పాఠం కళ్ళ ముందు ఉంది. ఫోన్ తీసి ఫొటోలు మొదలుపెట్టాను. ఇది భీంబేట్కా లాంటిది, ఇది వేల ఏళ్ళనాటిది, బట్ట కట్టడం కూడా రాని రోజుల్లో మనిషి ఇక్కడ కూర్చుని గీశాడు అని అరుస్తూనే ఉన్నాను. వాన చప్పుడుకి అరవాల్సి వచ్చింది కూడా. మేక బొమ్మ దగ్గర ఆగి, "ఇదిగో, దీన్ని చూడండి. పొట్టలో పిల్లని బయటికి కనపడేలా గీశాడు. ఇది ఆదిమానవుల పద్ధతి. పుస్తకంలో ఉంది" అన్నాను.

అత్తగారు ఒక జీడిపండు కొరికి, రసం చీర మీద పడకుండా ముందుకి వంగి, తాపీగా అన్నారు.

"ఆ మేక నానేసిందే."

"మీరా?"

"నాను కాకపోతే నీ పుస్తకంలో మనిసొచ్చి ఏసినాడేటి?"

"పొట్టలో పిల్లని అలా వెయ్యడం…"

"మేక కడుపులో పిల్లుంటాదని మీ ఆదిమానవుడికొక్కడికే తెల్సేటి? మేకలు కాసినదాన్ని, నాకు తెల్దేటి?"

బాబాయిగారు పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అడిగితే మెల్లిగా అంతా బయటికొచ్చింది. పెళ్ళికి ముందు ఆవిడ ఈ కొండ మీదే మేకలు కాసేవారు. ఎండవేళ ఈ రాయి కిందే కూర్చునేవారు. కొత్త అమావాస్యకి ఇంటి గోడలకి కలిపిన ఎర్రమన్ను మిగిలితే కొబ్బరిచిప్పలో వేసుకుని ఇక్కడికి తెచ్చేవారు.

"తెచ్చి?"

"మేకపాలు పోసి కలిపి, ఏలితో దిద్దీదాన్ని. పాలు పోస్తే రాయికి బాగా పట్టుకుంటాది."

"ఉన్న బొమ్మల మీదా?"

"మరి బొమ్మ నేని సోట ఎలగ దిద్దుతాం? ఎవులేసినారో పాపం, ఎలిసిపోయి దిక్కుమాలినట్టు ఉండీవి. ఇంటిగోడ ఏటేటా దిద్దట్నేదేటి? పండగపూట ఇల్లు దిద్దుకుని దీన్నొగ్గేస్తామేటి?"

అక్కడ కూర్చున్నది మా అత్తగారు కాబట్టి గానీ, మరొకరైతే ఏం అనేదాన్నో. అత్తగారు కాబట్టి కొంచెం తక్కువే అన్నాను. వేల ఏళ్ళ బొమ్మల్ని మట్టి పూసి పాడుచేశారని అన్నాను. ఆవిడ జీడిపండు పక్కన పెట్టేశారు.

"మిగతావి దిద్దినాను, ఒప్పుకుంటాను. ఆ మేక మాత్రం దిద్దింది కాదు. దాని కింద ఏటీ నేదు. ఒట్టి రాయి. అది నా మేక."

"చిన్నపిల్లలు అప్పుడు మీరు. కింద పాత గీత ఉండే ఉంటుంది. మీకు గుర్తులేదు."

"నా మేక నాకు గుర్తుండదేటి?"

వాన వెలిసింది. మా మధ్య వెలవలేదు.

ఇంటికొచ్చాక అత్తగారు నాతో మాట్లాడడం మానేశారు. మా అత్తగారు మాట్లాడకపోవడం అంటే మౌనం కాదు. నాకు వినబడేలా మా ఆయనతో మాట్లాడడం. "ఒరే నాయినా, సదువుకున్నోల్లకి మేక్కీ జింక్కీ తేడా తెల్దంటరా" అని వంటింటి గుమ్మంలో నిలబడి హాల్లో ఉన్న కొడుకుతో చెప్పేవారు. నేనూ తక్కువ తినలేదు. "చూడండి, ప్రపంచంలో ఎక్కడైనా పాత బొమ్మలు దొరికితే మనుషులు దాచుకుంటారు, మీ అమ్మగారు వాటికి కోటింగ్ వేశారు" అనేదాన్ని. ఆయన టీవీ సౌండు పెంచేవారు.

ఫొటోలు మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్కడ్నించి అవి ఎక్కడెక్కడికి వెళ్ళాయో నాకు తెలీదు. ఒక లోకల్ విలేకరి ఫోన్ చేశాడు. మర్నాటికి జిల్లా పేజీలో మేక ఫొటో పడింది, కింద 'వేల ఏళ్ళనాటి సూడిజింక' అని. జింక అని నేను చెప్పలేదు, ఆ అబ్బాయి సొంత పరిశోధన. అయినా ఖండించలేదు. వేల ఏళ్ళు అన్నమాట నాకు చాలు.

అత్తగారు ఆ పేపరు మడిచి చంకలో పెట్టుకుని వీధిలోకి వెళ్ళారు. ఎదురింటి వాళ్ళకి, టైలరు షాపులో, పాలకేంద్రం దగ్గర, అందరికీ చూపించి ఒకటే మాట. "జింకంట! సూడండి, జింక్కి గెడ్డం ఉంటాదేటి? ఇది మా మేకమ్మా. నానేసినాను." నిజమే, ఫొటోలో గడ్డం స్పష్టంగా ఉంది. అదేదో అడవిమేక అయ్యుంటుందని నేను సర్దుకున్నాను. కానీ వీధిలో నా పాఠాలు విన్న పిల్లల తల్లులు కూడా ఆవిడ వైపే ఉన్నారు. ఎదురింటావిడ నన్ను ఆపి, "ఏటండీ టీచరుగారూ, మీ అత్తగారు ఆదిమానవుల కాలం నాటివారంట కదా" అంది. ఆ నవ్వు నాకు ఇంకా గుర్తుంది.

పేపరు పడిన రెండు మూడు రోజులకి స్కూలుకి ఒక ఫోన్ వచ్చింది. విశాఖపట్నంలో, విశ్వవిద్యాలయంలో ఇలాంటి బొమ్మల మీదే పనిచేసే ఒకావిడ. వచ్చే ఆదివారం వస్తానంది. అప్పటిదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దు, నీళ్ళు కూడా చల్లనివ్వొద్దు అంది. ఆ మాట చెప్పడానికి బాబాయిగారికి ఫోన్ చెయ్యబోతుంటే, ఆయనే చేశారు.

"అమ్మా, పేపర్లో పడ్డాది కదా, పెద్దపెద్దోల్లంతా ఒస్తారు. సూస్తే రాయంతా మాసిపోయున్నాది. మన ఊరికే నామర్దా కదేటి. అందుకని కడిగిస్తన్నాను. ఆర్చీలకి రంగులేసీ పెయింటర్ని మాటాడినాను, బొమ్మలన్నీ ఫ్రెష్‌గా దిద్దీమన్నాను. మనుసులకి ఏ రంగెయ్యమంటావు? టీచరువి కదా, నువ్వే సెప్పు."

స్టాఫ్ రూములో టీ తాగుతున్నవాళ్ళంతా కప్పులు పట్టుకుని నిలబడిపోయారు, నేను అంత గట్టిగా అరిచాను.

"ఆపండి బాబాయిగారూ! చెయ్యి వెయ్యొద్దు! నీళ్ళు పొయ్యొద్దు!"

"కింద వరస ఇప్పుటికే కడిగీసినారు కదమ్మా. బాగా ఒదిలింది."

సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. మా ఆయన భోజనానికి వచ్చి ఉన్నారు. విషయం చెప్తుంటే అత్తగారు లోపల్నించి వచ్చారు. అన్ని రోజుల తరవాత మొట్టమొదటిసారి నా మొహం చూసి, నాతోనే మాట్లాడారు.

"నా మేకుందా?"

"తెలీదు అత్తయ్యా."

"నువ్వింకా కూకుని తింతావేట్రా? బేగి తియ్యి బండి" అన్నారు కొడుకుతో. ఆయన చెయ్యి కడుక్కుని కారు తీశారు.

పందిరిరాయి కింద బకెట్లు, కొబ్బరిపీచు, బ్లీచింగ్ పౌడరు. బట్టలుతికే రేవులా ఉంది. చేతులు పట్టుకున్న మనుషుల వరస లేదు. పూర్తిగా లేదు. అక్కడ రాయి తోమిన గిన్నెలా తెల్లగా మెరుస్తోంది. పెయింటరు తెల్ల ఎనామిల్ డబ్బా మూత తీసి పుల్లతో కలుపుతున్నాడు, ముందు బేస్ కోటు వెయ్యాలట. కడుగుడు పైకి పాకి మేక కాళ్ళ దాకా వచ్చి ఆగింది. వెనక కాలు ఒకటి పోయింది.

అత్తగారు ఆ మూడు కాళ్ళ మేక ముందు నిలబడి తమ్ముడి వైపు తిరిగారు.

"ఎవుల్నడిగి కడిగినావురా?"

"పెద్దోల్లొస్తన్నారప్పా. మాసిన రాయి సూపెడతామేటి?" అన్నారు బాబాయిగారు అక్కతో.

"బాబాయిగారూ, అది మాపు కాదు. అదే వాళ్ళు చూడ్డానికి వచ్చేది" అన్నాను.

"అదేటమ్మా? మా అప్ప ఏటేటా దిద్దింది కదా. అప్పుడు తప్పు నేదు, ఇప్పుడు నాను దిద్దితే తప్పేటి?"

ఇది మంచి ప్రశ్న. నేను జవాబు వెతుక్కుంటుంటే అత్తగారే ఇచ్చారు.

"నాను ఎర్రమన్నుతో దిద్దినాను. ఏటుంటే దాని మీదే ఏలు పెట్టి దిద్దినాను. నాను కడిగీసినానేటి? ఎనామిలేసినానేటి?"

"ఆవిడ చేసిందీ తప్పే, మీరు చేస్తున్నదీ తప్పే" అన్నాను.

"నాది తప్పేటి?" అన్నారు అత్తగారు, ఈసారి నా వైపు తిరిగి.

ముగ్గురం మొదలుపెట్టాం. చూరు కింద కాబట్టి గొంతులు మారుమోగాయి. పెయింటరు కాసేపు విని, మూత బిగించి, నిచ్చెన భుజాన వేసుకుని కొండ దిగిపోయాడు. పందిరిరాయిని ఆ రోజు కాపాడింది మా నోళ్ళే అని నా అభిప్రాయం.

ఆదివారం విశాఖ ఆవిడ వచ్చింది. నా కంటే చిన్నది. నీళ్ళ సీసా, బూట్లు, వీపుకి సంచి, హడావిడి లేదు. అత్తగారు పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుని, ఒక బండరాయి మీద పెళ్ళికూతురి తల్లిలా కూర్చున్నారు. నేను రాసుకొచ్చిన నోట్సు తీసి, ఈ స్థలం విశిష్టత గురించి మొదలుపెట్టాను.

"ఒక్క నిమిషం మేడమ్. ముందు అమ్మని చెప్పనివ్వండి" అంది ఆవిడ.

నన్ను నోరు మూసుకోమని ఇంత మర్యాదగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

అత్తగారు చెప్పారు. ఆ మేక గురించి నేను ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ వినలేదు. నేను అడగలేదు మరి. మందలో ఒక ఆడ మేకపిల్ల ఉండేదిట. తల్లి చచ్చిపోతే ఈవిడే గంజి పట్టి పెంచారుట. అది మొదటిసారి సూడికట్టింది. నెలలు నిండాయి, ఇవాళో రేపో ఈనుతుంది అనగా ఈవిడకి పెళ్ళి చేసి అత్తారింటికి పంపేశారు. పంపే ముందు కొత్త అమావాస్యకి ఎర్రమన్ను తెచ్చి, పాత బొమ్మల మధ్య ఖాళీగా ఉన్న చోట చూసుకుని దాన్ని వేశారు.

"పిల్ల ఎలగుంటాదో తెల్దు కదా. అందుకని కడుపులోనే ఏసినాను. మల్లీ నానొచ్చీసరికి మా నాయిన మందంతా అమ్మీసినాడు. దాని పిల్లని నాను సూడ్నేదు."

చెప్పి, కొంగుతో మెడ తుడుచుకుని, "ఎండ బాగా కాస్తన్నాది. మంచినీల్లు తాగమ్మా" అన్నారు ఆవిడతో.

విశాఖ ఆవిడ భూతద్దంతో చూసింది. కొలత గీతలున్న చిన్న అట్టముక్క పక్కన పెట్టి ప్రతి బొమ్మకీ ఫొటో తీసింది. తరవాత చూరు కింద నీడలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, ఆ ఫొటోల రంగులు మార్చడం మొదలుపెట్టింది. రాయి నీలంగా అయింది, గీతలు పసుపుగా లేచాయి. పైన జింకల మంద పక్కన మా కంటికి ఆననివి ఇంకో వరస జింకలు కనిపించాయి. "పైవి చాలా పాతవి. ఎంత అంటే ఇక్కడ కూర్చుని అంకె చెప్పను" అంది. కింద ఎద్దు దగ్గరికి వచ్చింది. అత్తగారు దిద్దిన గీత కింద కొంచెం పక్కకి ఇంకో గీత. దాని కింద ఇంకోటి, కొమ్ములు ఇంకా పెద్దవి.

"అమ్మ దిద్దారు. అమ్మకి ముందు కూడా ఎవరో దిద్దారు. వాళ్ళకి ముందూ దిద్ది ఉండొచ్చు."

"సూసినావా?" అన్నారు అత్తగారు నాతో. "నానొక్కదాన్నే పాడుసెయ్యనేదు."

"మేకని చూడండి" అన్నాను. నాకు కావలసింది అది. వార్త వేయించింది నేను, వీధిలో తల దించుకున్నది నేను.

ఆవిడ మేకని నీలం చేసింది, ఆకుపచ్చ చేసింది, నలుపు చేసింది. దగ్గరికి లాగింది. అందరం ఆమె భుజాల మీదుగా వంగి చూశాం.

"దీని కింద ఏమీ లేదండీ. ఒట్టి రాయే. ఇది అమ్మ గీసిందే."

అందరూ నా మొహమే చూస్తున్నారు. నాకు మాట రాలేదు. అది అరుదైన దృశ్యమని మా ఆయన ఫోన్ తీసి నన్ను ఫొటో తీశారు. ఇప్పటికీ ఉంది, చెరిపించలేకపోయాను.

అప్పుడు బాబాయిగారు గొంతు సవరించుకున్నారు. "అయితే మేడమ్, ఆ ఒక్క మేకనీ తుడిపించీమంటారా? పాత బొమ్మల మద్దిలో దొంగది ఎందుకు? రేపు ఎవులైనా ఒచ్చి మొత్తం అన్నీ మా అప్పే ఏసిందనీగల్రు."

అత్తగారు తమ్ముడిని తిట్టలేదు, నన్నూ తిట్టలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ మేక వైపు చూస్తూ ఉండిపోయారు. ఆవిడ నోరు మెదపకపోవడం నేను భరించలేకపోయాను. వాదన అంటే ఇద్దరు ఉండాలి.

"దొంగది ఏటి బాబాయిగారూ?" అన్నాను. కోపం వస్తే నాకూ మా ఊరి మాటే వస్తుంది. "ఈ రాయి మొత్తం మీద ఎవరు గీశారో, ఏ మన్నుతో గీశారో, ఎందుకు గీశారో తెలిసిన బొమ్మ అదొక్కటే. మిగతావి గీసినవాళ్ళని అడుగుదామంటే మనుషులు లేరు. ఈ మేకకి మనిషి ఉంది, పట్టుచీర కట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంది. దాన్ని తుడిపేస్తారా? ముందే ఒక వరస మనుషుల్ని బ్లీచింగులో కడిగేశారు, అది చాలదా?"

విశాఖ ఆవిడ నవ్వి, "ఏదీ తుడవకూడదు సార్. నేను రాయబోయేది కూడా మేడమ్ అన్నదే" అంది.

అత్తగారు నా వైపు చూశారు. "ఇన్నాల్లకి నీ నోరు ఒక పనికొచ్చిందే" అన్నారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. విశాఖ ఆవిడ సంచి సర్దుకుంటూ, "ఏదీ తుడవకూడదు, ఏదీ దిద్దకూడదు. ఇవాళ ఉన్నది ఉన్నట్టే ఉండాలి" అంది.

"ఎవులు? నాను కూడానా?" అన్నారు అత్తగారు.

"మీరు కూడా అమ్మా."

"నా మేకే అని ఇప్పుడే సెప్పినావు కదమ్మా. దాని కాలిరిగిపోనాది. నా మేక కాలు నాను అతికించుకోకూడదేటి?"

ఆవిడ ఓపికగా చెప్పింది. కొత్త మన్ను పడితే కిందదేదో పైదేదో మళ్ళీ కలిసిపోతుందని, రేపు చూసేవాళ్ళకి ఇవాళ తాము చూసింది ఉండదని. అత్తగారు విన్నారు. తల ఊపారు. కొండ దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు గానీ మాట్లాడలేదు. ఈసారిది నిజమైన మౌనం.

ఏడాది తిరిగింది. పందిరిరాయి ముందు తీగ కట్టారు, ముట్టుకోరాదని ఒక బోర్డు పెట్టారు. నా పాఠంలో ఇప్పుడు ఆవకాయ మరక పక్కన నా ఫోన్లో ఫొటోలు కూడా చూపిస్తున్నాను. మేక వచ్చినప్పుడు, "ఇది ఆదిమానవుడిది కాదు, మా అత్తగారిది" అని చెప్తాను. పిల్లలు నవ్వుతారు. నవ్వి, ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటారు. పరీక్షలో ఒకమ్మాయి ఆదిమానవులకీ టీచరుగారి అత్తగారికీ తేడాలు రాసింది. మార్కులు వేశాను.

కొత్త అమావాస్య ముందు మళ్ళీ పిక్కలకి వెళ్ళాం. అత్తగారి గంపలో, తువ్వాలు కింద కొబ్బరిచిప్ప ఉంది. దాన్లో తడి ఎర్రమన్ను. పాల వాసన కూడా వచ్చింది. నేను చూసినట్టు ఆవిడకి తెలుసు. పని కాగానే ఆవిడ పందిరిరాయి దగ్గరికి వెళ్ళి తీగ ఇవతల కూర్చున్నారు. నేను పక్కనే కూర్చున్నాను.

"కాపలా కుక్కలాగ ఏటే ఇది?"

"మన్ను తెచ్చారు కదా."

"తెచ్చినాను. అయితే?"

"ఆవిడ వద్దంది."

"నాకు సెవుడేటి? నానూ ఇన్నాను."

చాలాసేపు కూర్చున్నాం. మేక మూడు కాళ్ళ మీద అలాగే ఉంది. అత్తగారు ఒకసారి తీగ మీద చెయ్యి వేశారు. ఆవిడే చెయ్యి తీసేసి, "లెగు. జీడిపిక్కల గంప నువ్వు ఎత్తు" అన్నారు. చిప్పని మాత్రం తనే పట్టుకున్నారు. పారబొయ్యలేదు.

పండగ రోజు స్కూలు ఒంటిపూట. ఎండలో ఇంటికి వచ్చి గేటు లాగి అక్కడే ఆగిపోయాను. మా ప్రహరీ గోడకి ముందు ఏడాదే నేను పట్టుబట్టి మీగడరంగు వేయించాను. మా ఆయన పసుపు అంటే వద్దని గెలిచి మరీ వేయించాను. ఆ గోడ మీద, వీధిలో పోయే ప్రతివాళ్ళకీ కనిపించేలా, ఎర్రటి మేక. గడ్డం ఉంది. నాలుగు కాళ్ళూ ఉన్నాయి. అత్తగారు స్టూలు మీద కూర్చుని, చిప్ప ఒళ్ళో పెట్టుకుని, వేలికి అంటిన మన్ను చిప్ప అంచుకి గీకుతున్నారు.

"గోడ అత్తయ్యా!"

"కొత్తమావాస కదేటి? గోడ దిద్దుకోరేటి?"

"నిరుడే కదా రంగు వేయించాం!"

"ఎలిసిపోతాదిలే. అప్పుడు నీ రంగేసుకో."

ఇంకేదో అనాలి, అలా వదిలేస్తే నాకు తోచదు. బొమ్మని పైనించి కిందికి చూశాను, తప్పు దొరికింది.

"ఇది ఆ మేక కాదు. పొట్ట ఖాళీగా ఉంది. పిల్లని వెయ్యడం మర్చిపోయారు."

ఆవిడ నా వైపు చూడకుండా ఎర్రటి వేలు గేటు వైపు చూపించారు. నేను లాగిన గేటు రెక్క వెనక, గోడ మీద, నేలకి జానెడు ఎత్తున, తల్లి వైపు మొహం పెట్టి ఒక బుల్లి మేకపిల్ల నిలబడి ఉంది. ఇంకా తడి ఆరలేదు.

"ఎప్పుడో ఈనీసినాది. గేటు మెల్లగా తియ్యి" అన్నారు.